అప్పగింత సామగ్రి

మనవాళ్ళలో ఎవరైనా దూరప్రయాణం కట్టారని తెలిస్తే చాలు, చుట్టుపక్కల ఇళ్ళలో ఖాళీ డబ్బాలు కడగడం మొదలవుతుంది. వెళ్ళేవాడు రైల్లో వెళ్తున్నాడా విమానంలోనా, కూర్చుని వెళ్తున్నాడా నిలబడా అన్నది ఎవరికీ అక్కర్లేదు. "ఎలాగూ వెళ్తున్నారు కదా" అన్న మాటకు ఇంతవరకూ ఎవరూ జవాబు కనిపెట్టలేదు. కెప్టెన్ ఓలేటి ధర్మారావు ఇంత వయసొచ్చీ ఆ సంగతి మరిచిపోయి, తాను అండమాన్ వెళ్తున్నానని నలుగురిలో చెప్పేశాడు.

ధర్మారావు ఉద్యోగమంతా సరుకుల ఓడల్లో గడిచింది. ప్రపంచంలో ఉన్న సముద్రాలన్నీ చూశాడు గానీ ఒక్కదాని చప్పుడూ సరిగ్గా వినలేదు. ఇంజను మోత విననిస్తేగా. రిటైరై లంకరేవులో ఇల్లు కట్టుకున్నాక ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఇంజను లేకుండా, ఒట్టి గాలి మీద, ఒక్కసారి బంగాళాఖాతం దాటాలి. ఇలాంటి కోరికలున్నవాళ్ళు మామూలుగా భార్యకు చెప్పి, చివాట్లు తిని, ఊరుకుంటారు. సరిగ్గా ఆ ఏడాదే ప్రభుత్వానికి తెరచాప పడవల మీద ప్రేమ పుట్టుకొచ్చింది కాబట్టి ధర్మారావు ఊరుకోలేదు.

ప్రేమ పుట్టగానే తెరచాప నౌకాయాన పునరుజ్జీవన మండలి పుట్టింది. మండలికి ఒక భవనం, భవనానికి ఏసీలు, ఏసీల కింద కూర్చోవడానికి చైర్మన్‌గా ముక్తేశ్వరరావు గారు అమిరారు. ఆయనకు సముద్రం పడదు. ఒడ్డున నిలబడ్డా కళ్ళు తిరుగుతాయి. అందుకని మండలి ఆఫీసును సముద్రం కనపడనంత దూరంలో, కోళ్ళఫారాల పక్కన పెట్టారు. అయితేనేం, ఆయన ఊరించి ఊరించి పడవైతే కట్టించారు. మంచి టేకు పడవ, రెండు తెరచాపలు, పేరు సముద్రవల్లి. లంకరేవులో బయలుదేరి పోర్ట్ బ్లెయిర్ చేరాలి. నడిపేది ధర్మారావు. తోడు ముగ్గురు. ఆ ముగ్గురిలో తెరచాప పని బాగా తెలిసినవాడు నూకరాజు. పని ఎంత నెమ్మదో మాట అంత దురుసు.

ఈశాన్యపు గాలి ఫిబ్రవరి అంతా ఉంటుంది. మార్చి ముదిరితే పడిపోతుంది, ఆ తర్వాత తుపాన్ల కాలం. వెళ్తే ఆ లోపల వెళ్ళాలి. వచ్చే ఏడాది వెళ్దాంలే అనుకోవడానికి వచ్చే ఏడాది ప్రభుత్వానికి ఏ గుర్రపుబండి మీద ప్రేమ పుడుతుందో ఎవరికి తెలుసు.

కాబట్టి ధర్మారావు సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే సరంజామా సిద్ధం చేసుకున్నాడు. నలుగురికి నెలరోజుల తిండి: ఉప్పుడు బియ్యం, కందిపప్పు, అటుకులు, బెల్లం, ఎండుచేపలు, పచ్చికూరలు దొరక్క చిగుళ్ళు వాచి పళ్ళూడకుండా బుట్టెడు నిమ్మకాయలు. గాలివానలో ఎత్తడానికి చిన్న తెరచాప, చిరిగితే కుట్టడానికి దబ్బనాలు, మైనం పట్టించిన దారం, విడి తాళ్ళు, రెండో లంగరు, లోపలికొచ్చిన నీళ్ళు తోడే పంపు, పీకల మీదికొస్తే గాలి నింపుకుని ఎక్కే తెప్ప. వీటన్నిటికన్నా ముందు మంచినీళ్ళు. పడవ కడుపులో నీళ్ళ పీపాల కోసమే ప్రత్యేకంగా ఒక అర కట్టించాడు. అన్నం లేకపోయినా మనిషి సముద్రం మీద కొన్నాళ్ళు తిట్టుకుంటూ బతుకుతాడు, నీళ్ళు లేకపోతే తిట్టుకోవడానికి కూడా నోరు పెగలదని ఆయనకు తెలుసు.

మొదటి సమావేశంలో చైర్మన్ గారు ఈ ఏర్పాట్లన్నీ విని కళ్ళు మూసుకున్నారు. తెరిచి అన్నారు:

"మన పూర్వుల జలయాన వైభవాన్ని భావితరాలకు పునరంకితం చేసే ఈ చారిత్రక శుభసందర్భంలో, కెప్టెన్ గారూ, ఒక చిన్న జాడీ."

"జాడీ ఏంటండీ?"

"ఆవకాయ. మా తోడల్లుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటాడు. ఎలాగూ వెళ్తున్నారు కదా."

ఒక్క జాడీకి పడవ మునిగిపోతుందా అని ధర్మారావు సరేనన్నాడు. జాడీ వచ్చాక చూస్తే అది చిన్నదీ కాదు, ఒక్కటీ కాదు. పక్కనే మాగాయ జాడీ కూడా ఉంది. రెండూ అటూఇటూ దొర్లకుండా ఇమిడే చోటు పడవలో నీళ్ళ అర ఒక్కటే. ఒక పీపా ఒడ్డుకెక్కింది.

ఈ వ్యవహారం అక్కడితో ఆగిపోయేదే గాని, మండలి కార్యదర్శి అనసూయాదేవి గారు నిబంధనల మనిషి. ఆవిడ రెండో సమావేశంలో లేచి నిలబడ్డారు.

"చైర్మన్ గారు ఒక్కరే పంపితే అది అధికార దుర్వినియోగం కిందికి వస్తుందండి. అందరూ పంపితే ప్రజాహితం కిందికి వస్తుంది. కాబట్టి ఈ సదుపాయాన్ని సభ్యులకు, సిబ్బందికి, తదుపరి అర్హులైన పౌరులకు విస్తరింపజేయడమైనది."

చైర్మన్ గారి గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. దిగిన బరువంతా పడవలోకి ఎక్కింది.

అప్పటినుంచి పడవలో సామాన్లు రెండు రకాలయ్యాయి. నావికులు తినేవీ తాగేవీ వాడేవీ స్వీయ వినియోగ సామగ్రి. అవతలి ఒడ్డున ఎవరికో ఇవ్వాల్సినవి అప్పగింత సామగ్రి. రెండింటిలో ఏది ముఖ్యం అన్న ప్రశ్న వచ్చినప్పుడు అనసూయాదేవి గారు క్షణం కూడా తడుముకోలేదు. ఒకటి మన స్వార్థం, రెండోది పరుల సొత్తు. పరుల సొత్తుకే ప్రాధాన్యం. విన్నవాళ్ళందరూ తలలూపారు. నిజంగానే అందులో వంకపెట్టడానికి ఏమీ లేదు, ధర్మారావు కూడా ఒక్క నిమిషం తల ఊపాడు.

తర్వాత లంకరేవు జెట్టీ పెళ్ళివారి విడిదిలా తయారైంది. పొద్దున లేస్తే ఎవరో ఒకరు రిక్షా దిగేవారు. వడియాలు, చింతపండు ఉండలు, గోంగూర పచ్చడి, కుక్కర్ గాస్కెట్లు, పట్టుచీరలు, ఆ చీరల జాకెట్లు కుట్టిన దర్జీ వెంట పంపిన హెచ్చరికలు. తహసీల్దారు గారి అత్తగారు రుబ్బురోలు పంపింది. అండమాన్‌లో రాళ్ళుండవా అని ధర్మారావు అడిగితే "ఉంటాయి గాని బాబూ, వాటి మీద పప్పు మెత్తగా నలగదు" అంది. కరివేపాకు మొక్క కుండీతో సహా వచ్చింది, దానికి రోజూ నీళ్ళు పొయ్యాలట. నావికుల నీళ్ళలో దాని వాటా తీసి పెట్టాల్సిందిగా మండలి నుంచి ఆదేశం వచ్చింది.

స్వీయ వినియోగ సామగ్రి ఒక్కొక్కటిగా దిగిపోతూ వచ్చింది. ఎండాకాలం వస్తోంది గనక గాలివాన తెరచాప అనవసరమని తీసేశారు. విడి తాళ్ళు మూటలకు కట్టారు. దబ్బనాలూ మైనం దారమూ గోనెసంచుల మూతులు కుట్టడానికి అయిపోయాయి. ప్రాణం దక్కించుకునే తెప్పలో, అది ఖాళీగా మడతపెట్టి ఉండడం దండగని, అప్పడాల కట్టలు దోపారు.

"తెప్ప విప్పాల్సొస్తే ఏం చేద్దారండీ?" అని నూకరాజు అడిగాడు.

"అప్పడాలు తిని విప్పాలి" అన్నాడు ధర్మారావు.

ఆ రాత్రి ఇంటికొస్తే వసారాలో మూట కట్టి ఉంది. భార్య సుభద్ర దాని పక్కనే కూర్చుని ఆయన మొహం చూడకుండా ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏంటది?"

"ఏం లేదు. మా పిన్ని కూతురు అక్కడే కదా ఉంట. రెండు కేజీలు సున్నుండలు. ఊరందరివీ మోస్తున్నారు, నా మూటకే బరువైపోతుందా మీ పడవ?"

ధర్మారావు మూట భుజానికెత్తుకున్నాడు. మరో పీపా ఒడ్డుకెక్కింది.

ఫిబ్రవరి సగమయ్యింది. బయట గాలి చక్కగా, నిండుగా వీస్తోంది. జెట్టీ మీద నిలబడితే లుంగీ కాళ్ళకు చుట్టుకునే గాలి. ధర్మారావు దాన్ని చూస్తూ, జేబులో డబ్బులు ఖర్చయిపోతున్నవాడిలా గిజగిజలాడిపోయాడు. ఇక ఉండబట్టలేక మండలికి వెళ్ళి, నీళ్ళ అరలో నీళ్ళు తప్ప అన్నీ ఉన్నాయని చెప్పాడు.

చైర్మన్ గారు జాలిగా నవ్వారు. "చుట్టూ నీళ్ళే కదా కెప్టెన్ గారూ."

"అవి ఉప్పునీళ్ళండి."

"మండలి దృష్టిలో సముద్రం ఒక జలవనరు" అన్నారు అనసూయాదేవి గారు. "రుచి విషయం మా పరిధిలోకి రాదు."

"తాగితే చస్తామండి."

చావు అనేసరికి మండలి తీవ్రంగా ఆలోచించింది. ఉపసంఘం వేసింది. ఉపసంఘం మూడు రోజులు కూర్చుని అసలు సమస్య నీళ్ళు తక్కువ కావడం కాదు, తాగేవాళ్ళు ఎక్కువ కావడం అని తేల్చింది. నలుగురికి బదులు ఇద్దరు వెళ్తే సగం నీళ్ళు చాలు. పైగా ఇద్దరు పడుకునే చోటు ఖాళీ అవుతుంది, అందులో సోనా బియ్యం బస్తాలు పడతాయి. తీసేసిన ఇద్దరికీ చెరొక శాలువా కప్పారు. వాళ్ళు మర్నాడే చేపల వేటకు వెళ్ళిపోయారు.

ఆ వెంటనే అనసూయాదేవి గారు మరో మెట్టు ఎక్కారు.

"ఈ లెక్కన మిగతా ఇద్దర్నీ కూడా తగ్గిస్తే, నీళ్ళ అవసరమే ఉండదు కదండీ."

"మరి పడవ నడిపేదెవరమ్మా?"

"గాలి" అన్నారు ఆవిడ. "గాలితోనే నడుస్తుందని మీ నివేదికలోనే ఉంది."

ఆ ప్రతిపాదన మాత్రం వీగిపోయింది. అందుకు కారణం దయ కాదు. అవతల ఒడ్డున సామాన్లు ఎవరివి ఎవరికివ్వాలో చెప్పడానికి మనిషి కావాలి. కరివేపాకు మొక్కకు నీళ్ళు పొయ్యడానికి ఇంకో మనిషి కావాలి. ఆ విధంగా ధర్మారావుకూ నూకరాజుకూ పడవలో చోటు దక్కింది.

మార్చి వచ్చేసింది. సముద్రవల్లి జెట్టీ దగ్గర పీకల్లోతు నీళ్ళలో కూర్చుంది. పడవ పక్కన ఇంతకన్నా మునగకూడదని గీసిన ఎర్ర గీత ఎక్కడుందో వెతకాలంటే నూకరాజు నీళ్ళలో దిగి చేత్తో తడమాల్సి వస్తోంది. ధర్మారావు ప్రతి రోజూ వేలు తడిపి గాలిలో పెట్టి చూసుకునేవాడు. గాలి ఇంకా ఉంది, కాని నిన్నటిలా లేదు.

చివరి సమావేశం జరిగింది. చైర్మన్ గారు జెండా ఊపడానికి జెండా కూడా కుట్టించుకున్నారు. అన్నీ అయ్యాయి, ఇంకేమైనా ఉందా అని అడిగితే ధర్మారావు అమాయకంగా ఒక మాటన్నాడు.

"జాడీల మూతులకు వాసెన గుడ్డలు గట్టిగా కట్టించండి. పడవ ఒరిగినప్పుడు నూనె కారుతుంది."

హాలంతా తలలెత్తి చూసింది.

"ఒరుగుతుందా?" అన్నారు చైర్మన్ గారు.

"తెరచాప పడవ కదండీ. గాలి ఒక పక్కనుంచి తోస్తుంటే రెండో పక్కకి ఒరిగే వెళ్తుంది."

"ఎంతసేపు?"

"పోర్ట్ బ్లెయిర్ దాకానండి."

చైర్మన్ గారి మొహం తెల్లబడింది. కుర్చీ చేతులు పట్టుకున్నారు, ఆయన కళ్ళ ముందు ఆవకాయ నూనె పట్టుచీరల మీదికి పాకుతున్నట్టుంది. "ఇంత ముఖ్యమైన సాంకేతిక లోపాన్ని ఇన్నాళ్ళూ మండలి దృష్టికి ఎందుకు తేలేదు?"

"అది లోపం కాదండి. అది పడవ."

ఎవరూ వినిపించుకోలేదు. అప్పగింత సామగ్రి భద్రతా నిపుణుల సంఘాన్ని అక్కడికక్కడే వేశారు. ఒరగకుండా అండమాన్ వెళ్ళే మార్గమేదైనా ఉందా అని సంఘం అన్వేషించింది. దొరికింది. విశాఖ నుంచి అటు పెద్ద ప్రయాణికుల ఓడ వెళ్తూనే ఉంటుందట. ఇంజను ఉంటుంది, ఒరగదు, టిక్కెట్టు కూడా తక్కువ. లారీలు వచ్చాయి. జాడీలు, మూటలు, రుబ్బురోలు, కరివేపాకు మొక్క అన్నీ లారీలెక్కి విశాఖ వెళ్ళిపోయాయి. మొక్కకు నీళ్ళు పోసేందుకు మండలి గుమాస్తా ఒకడు వెంట వెళ్ళాడు.

కొద్ది రోజులకే అటునుంచి కబురు వచ్చింది. అన్నీ క్షేమంగా చేరాయి, నూనె చుక్క కారలేదు, పోర్ట్ బ్లెయిర్‌లో మేళతాళాలతో స్వాగతం జరిగింది. సముద్రవల్లి యాత్ర దిగ్విజయంగా ముగిసినట్టు మండలి ప్రకటించింది. ముగింపు సభలో ధర్మారావును వేదికెక్కించి శాలువా కప్పారు, చెక్కతో చేసిన చిన్న తెరచాప పడవ బొమ్మ చేతిలో పెట్టారు. సాగరవీరుడని బిరుదు కూడా ఇచ్చారు.

ధర్మారావు ఆ బొమ్మ పట్టుకుని ఇంటికొచ్చి వసారాలో కూలబడ్డాడు. ఆయనకు ఏడుపొచ్చింది. పెద్దవాడు, కెప్టెన్, ముప్ఫయ్యేళ్ళు తుపాన్లలో నిలబడ్డవాడు, కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. సుభద్ర వచ్చి పక్కన కూర్చుంది.

"గాలి ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఇంకో వారం పది రోజులు బయలుదేరేంత ఉంటుంది."

"మరిక్కడ కూర్చున్నారేం?"

మర్నాడు ధర్మారావు మండలికి వెళ్ళి, పడవ ఖాళీగా ఉంది కనుక అనుమతిస్తే తానూ నూకరాజూ వెళ్ళొస్తామన్నాడు. అనసూయాదేవి గారు నొచ్చుకున్నారు.

"అనుమతి ఎలా ఇస్తామండీ? మీరు ఆల్రెడీ వెళ్ళొచ్చారు. పూర్తయిన యాత్రకు మళ్ళీ అనుమతి ఇచ్చే నిబంధన లేదు."

"పోనీ, వద్దంటారా?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఆలోచించారు. నిజాయితీ గల మనిషి, రెండువైపులా ఆలోచించారు. "వద్దనడానికీ వీల్లేదండి. పూర్తయిన యాత్రను ఆపే అధికారం ఎవరికీ లేదు."

ధర్మారావు ఆవిడకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, మెట్లు రెండేసి దిగాడు.

జెట్టీ దగ్గర నూకరాజు అప్పటికే పీపాలన్నీ కడిగి పెట్టాడు. నీళ్ళ అర నిండా నీళ్ళు నింపారు. అరలో పట్టనివి బియ్యం బస్తాలు పెట్టిన చోట పెట్టారు. ఇంకా మిగిలిన చోట బిందెలు పెట్టారు. తిండి సామాన్లు, కొత్త తాళ్ళు, కొత్త దారం, దబ్బనాలు, చిన్న తెరచాప, లంగరు తమ తమ చోట్లకు చేరాయి. తెప్ప దులిపితే రెండు అప్పడాలు రాలాయి. సుభద్ర తాడు విప్పే వేళకు వచ్చింది. ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"మీ పిన్ని కూతురికి ఏమైనా ఇవ్వాలా?" అన్నాడు ధర్మారావు.

"ఫోన్లో మాట్లాడతాలెండి" అంది. "మీరు జాగ్రత్తగా వెళ్ళిరండి."

సముద్రానికి పోటు వచ్చింది. సముద్రవల్లి తేలిగ్గా లేచి నిలబడింది. బయటి నీళ్ళలో పడగానే గాలి తెరచాప నిండా ఎక్కింది. పడవ హాయిగా, ఏ నిపుణుల సంఘానికీ జడవకుండా, ఒక పక్కకు ఒరిగి సాగిపోయింది. ఒడ్డు కనపడకుండా పోయాక ధర్మారావు చుక్కాని నూకరాజుకిచ్చి ముందు భాగంలో పడుకున్నాడు. పడవ అడుగున నీళ్ళు కోసుకుపోతున్న చప్పుడు, తాడు కిర్రుమనడం, అల వచ్చి చెక్కను తట్టి వెళ్ళడం. అన్నీ వేరువేరుగా వినిపించాయి. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కోదాన్నీ విన్నాడు.

"నీళ్ళు తాగుతారాండీ?" అన్నాడు నూకరాజు వెనకనుంచి. "బోలెడున్నాయండి. కావాలంటే తానం కూడా చేసెయ్యచ్చు."

దారిలో గాలి రెండు మూడుసార్లు బెట్టు చేసింది. ఒకచోట పూర్తిగా పడిపోయి వాళ్ళను నడిసముద్రంలో కూర్చోబెట్టింది. మళ్ళీ జాలిపడి లేచింది. పెద్ద తెరచాప ఒకసారి చిరిగింది, ఇద్దరూ కూర్చుని కుట్టారు. గడ్డాలు పెరిగి, చర్మం నల్లబడి, ఒక మధ్యాహ్నం వాళ్ళు పోర్ట్ బ్లెయిర్ చేరారు.

జెట్టీ మీద గొడుగు వేసుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. మండలి వారి స్థానిక స్వాగతాధికారినని చెప్పుకున్నాడు. పడవ మీద పేరు చదివి, మళ్ళీ చదివాడు.

"సముద్రవల్లి వచ్చేసింది కదండీ" అన్నాడు.

"ఇప్పుడే వచ్చిందండి" అన్నాడు ధర్మారావు.

"లేదండి, కిందటి నెల్లోనే వచ్చింది. సన్నాయి పెట్టించి దించుకున్నాం. జాడీలకు దండలు వేశాం. స్వాగతోపన్యాసం నేనే చదివాను."

"ఆయ్, అది పచ్చడండి. ఇది పడవ" అన్నాడు నూకరాజు.

అధికారి వంగి పడవ లోపలికి తొంగి చూశాడు. పీపాలు, తాళ్ళు, రెండు చాపలు. "ఏమైనా తెచ్చారా?"

"లేదండి."

"పోనీ ఎవరికైనా ఏదైనా చెప్పమన్నారా?"

"లేదండి."

"మరి ఎందుకొచ్చినట్టండీ?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. ధర్మారావుకు కోపం రావాల్సింది, రాలేదు. మండలి సంగతి, శాలువా సంగతి, ముప్ఫయ్యేళ్ళ ఇంజను మోత సంగతి చెబుదామనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"గాలి బాగుందండి" అన్నాడు. "వచ్చాం."

అధికారి కొంచెంసేపు ఆయన మొహం వంక, ఆ తర్వాత పడవ వంక, ఆ వెనక మెరుస్తున్న సముద్రం వంక చూశాడు. ఇటూ అటూ ఎవరూ లేరని చూసుకుని, గొడుగు మూసి, చెప్పులు విడిచి జెట్టీ అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు.

"ఎలా ఉంటుందండీ అది?" అని అడిగాడు, మెల్లగా.

అన్ని సమావేశాల్లో, అన్ని సంఘాల్లో, అంతమంది పెద్దల్లో ఆ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ధర్మారావు పడవ దిగి, కాళ్ళ కింద నేల ఇంకా ఊగుతుండగా, ఆయన పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.